నడుం దాకా కంప్రెసర్

మామగారి కారు వీధి మలుపు తిరుగుతుండగానే పెద్దల్లుడు గుర్తుపట్టాడు. ఆ ఇంజను విప్పి బిగించింది తనే, దాని గొంతు తనకి కాక ఇంకెవరికి తెలుస్తుంది? చేతులకున్న గ్రీజు గుడ్డకి తుడుచుకుని, గబగబా వెళ్ళి షెడ్డు గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. అడ్డంగా ఉన్న జాకీని కాలితో పక్కకి నెట్టి, కారు లోపలికి రావడానికి దారి చేసి నిలబడ్డాడు. కారు వచ్చింది. మామగారు హారన్ కొట్టాడు, కిటికీలోంచి చెయ్యి ఊపాడు, నవ్వాడు కూడా. అలా నవ్వుతూనే ముందుకి వెళ్ళిపోయి వీధి చివర కుడివైపుకి తిరిగాడు. కుడివైపున్నది చిన్నల్లుడి ఇల్లు.

పెద్దల్లుడు గేటు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఎదురింటి మేడమీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ ఇదంతా చూసింది. ఆవిడ చూసిందని తెలియగానే గేటు కీళ్ళకి నూనె వేస్తున్నవాడిలా వంగాడు. చేతిలో నూనె డబ్బా లేదని వంగాక గుర్తొచ్చింది.

అతను బస్సు డిపోలో ఫిట్టరు. అక్కడ అతనిలాంటివాళ్ళు వందమంది, అందరికీ ఒకే రంగు చొక్కా. సాయంత్రాలూ సెలవురోజులూ ఇంటి పక్కన రేకుల షెడ్డులో కార్లు బాగుచేస్తాడు. ఆ షెడ్డులో మాత్రం అతనొక్కడే. భార్య తరఫు బంధువుల్లో ఎవరి బండి మొరాయించినా ఇక్కడికే రావాలి, పెద్దల్లుడి చెయ్యి పడితే తప్ప బాగవదు అనాలి. ఆ మాట కోసమే కారు కింద వెల్లకిలా పడుకుని మొహంమీద నూనె కార్చుకుంటాడు. మామగారి కారు బానెట్టు మీదా ఎడమ తలుపుల మీదా తుప్పు లేచి పొరలూడుతోంది. రంగు వేయించాలని ఆయన ఈమధ్య కనిపించినప్పుడల్లా అంటున్నాడు. ఆ పని తనదేనని, ఎవరూ చెప్పకుండానే, పెద్దల్లుడు నిశ్చయం చేసేసుకున్నాడు.

షెడ్డులో సగం అతనిది, సగం భార్యది. కిటికీ ఉన్న సగంలో ఆమె కుట్టుమిషను పెట్టుకుని కార్ల సీట్లకి కవర్లు కుడుతుంది. అతను లోపలికి వచ్చేసరికి సూది మీంచి చూపు తిప్పకుండా కుట్టుకుంటోంది. మీ నాన్న అటు వెళ్ళాడని చెప్పాడు. చూశానంది. ఎందుకు వెళ్ళినట్టో అన్నాడు. రంగుకేమో అంది.

"వాడికేం తెలుసు కారుకి రంగు వేయడం?"

"రోజూ చేసే పనే కదండీ అతనికి."

చిన్నల్లుడు ఫర్నిచర్ కంపెనీలో బీరువాలకీ మంచాలకీ రంగు కొడతాడు. బీరువా వేరు, కారు వేరు, బీరువా ఎండలో వానలో రోడ్డుమీద తిరగదు అని పెద్దల్లుడు చాలాసేపు వివరించాడు. ఆమె విన్నట్టే ఉంది. దారం కొరికి తెంపి, "అతను ఈమధ్య ఇంట్లోకి రంగు గన్నుకి గాలి తోడే కంప్రెసర్ కూడా కొన్నాడటలెండి" అంది.

అదన్నమాట సంగతి! పెద్దల్లుడికి ఒళ్ళంతా మండినా, ఒక రకంగా ప్రాణం కుదుటపడింది కూడా. కారు వాడి చేతిని చూసి వెళ్ళలేదు, వాడి మిషను చూసి వెళ్ళింది. తన దగ్గర గాలి కొట్టడానికి కాలితో తొక్కే పంపు ఉంది, నట్లు విప్పడానికి పొడుగాటి రాడ్డు ఉంది, రంగుకి డబ్బా నొక్కితే కొట్టుకునే స్ప్రే ఉంది. వాడి దగ్గర మిషను ఉంది. మనిషి కంటే మిషనునే నమ్మే రోజులు మరి. అయితే మిషను దుకాణంలో దొరికేదే కదా.

*

కొనేముందు చిన్నల్లుడి మిషను ఎంతటిదో తెలియాలి. దానికంటే చిన్నది కొంటే పరువు పోతుంది, అంతే ఉన్నది కొంటే చూసి కొన్నాడంటారు. వెళ్ళి అడుగుదామా అంటే కాళ్ళు రావు. ఆ రాత్రి భోజనాలయ్యాక భార్య చేత చెల్లెలికి ఫోను చేయించి పక్కనే కూర్చున్నాడు. అక్కచెల్లెళ్ళు ముందు పిల్లల పరీక్షల గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ, ఎవరో దూరపు వదిన జుట్టు కత్తిరించుకోవడం గురించీ మాట్లాడుకున్నారు. పెద్దల్లుడు గాల్లో చేతులతో డ్రమ్ము బొమ్మ గీసి చూపిస్తున్నాడు. చివరికి ఆమె నిట్టూర్చి, మీ ఆయన కంప్రెసర్ కొన్నాడట కదే, ఎంతుంటుంది అని అడిగింది.

"ఎంతంటే ఏం చెప్పనే అక్కా, నా నడుం దాకా వస్తుంది. ఇంట్లో అడుగు తీసి అడుగు వేస్తే అదే తగులుతోంది."

అంతకంటే ఏం కావాలి? అక్కచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే ఎత్తు, ఒకరి గౌను ఒకరు వేసుకుని పెరిగినవాళ్ళు. మర్నాడు పొద్దున్న ఆమె పొయ్యి దగ్గర నిలబడి పాలు కాస్తుంటే వెనకగా వెళ్ళి టేపు తీసి, నేల నుంచి నడుం దాకా కొలిచాడు. ఆమె ఉలిక్కిపడి, తర్వాత కొంచెం సిగ్గుపడి, ఈ వయసులో ఇదేం చోద్యమంది. కదలకు, కదలకు అంటూ అతను ఆ కొలత దగ్గర టేపుని వేలితో గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. ఆమెకి విషయం అర్థమై పాల గిన్నె వైపు తిరిగింది.

పనిముట్ల దుకాణంలో కౌంటరు దగ్గర ఒకావిడ ఉంది, కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టుకుని. ఏ పనికి కావాలని అడిగింది. ఇంట్లో కార్ల పనికన్నాడు. కార్ల పనిలో ఏ పనికని మళ్ళీ అడిగింది. టైర్లకి గాలి, దుమ్ము ఊదడం, ఇంతే అయితే చేత్తో పట్టుకెళ్ళేది చాలట. గాలి గన్నుతో చక్రాల నట్లు విప్పాలంటే దాని పైది కావాలట. రంగు వేయాలంటే మాత్రం ట్యాంకు ఎంతుందో చూడొద్దంది, నిమిషానికి ఎంత గాలి తోడుతుందో చూడమంది. ట్యాంకు నీళ్ళ తొట్టిలాంటిదనీ మోటారు కుళాయిలాంటిదనీ, కుళాయి సన్నగా ఉంటే తొట్టి ఎంత పెద్దదైనా మధ్యలో ఖాళీ అవుతుందనీ చెప్పింది. నూనె పోసే రకం ఎక్కువ కాలం వస్తుందట. నూనె లేని రకం తేలికే కానీ చెవులు చిల్లులు పడతాయట. ఇంటి కరెంటు లైను తట్టుకునేదేనా అన్నది అన్నిటికంటే ముందు చూసుకోవాలట.

పెద్దల్లుడు తలూపుతూ అంతా విన్నాడు. విన్నాక జేబులోంచి టేపు తీసి, వరసగా నిలబెట్టిన మిషన్లని ఒక్కొక్కటే కొలవడం మొదలుపెట్టాడు. ఆవిడ కళ్ళజోడు కిందికి దించుకుని చూసింది.

"ఎవరండీ, పక్కింటాయనా, తోడల్లుడా?" అంది.

"ఎవరూ లేరండీ. షెడ్డులో చోటు కోసం."

"చోటు కోసమైతే పొడుగూ వెడల్పూ కొలుస్తారు కదా."

అతనికి చెవులు వేడెక్కాయి. వినిపించుకోనట్టే చివరిదాకా వెళ్ళి, వేలు పెట్టిన గీత కంటే జానెడు పైకి ఉన్న ఒక ఎర్రటి మిషను దగ్గర ఆగాడు. బెల్టుతో తిరిగేది, నూనె పోసేది, చక్రాలున్నా ఇద్దరు పడితే తప్ప కదలనిది. అందులో ఉన్న పనితనం అతనికి తెలియకపోలేదు. డిపోలో ఇలాంటివాటి పక్కనే బతుకుతున్నాడు. కానీ ఆ క్షణంలో అతను చూసింది పనితనాన్ని కాదు, ఎత్తుని. అదే కావాలన్నాడు.

*

షెడ్డులో అతని సగంలో అది పట్టలేదు. జాకీలూ స్టాండ్లూ పక్కకి జరిపినా కారు నిలపడానికి చోటు మిగల్లేదు. కిటికీ ఉన్న సగం ఒక్కటే దిక్కు. భార్యతో సలహా అడుగుతున్నట్టే అన్నాడు, నీ మిషను కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకుంటే ఏమని. ఆమె కుట్టుమిషనునీ కంప్రెసర్‌నీ మార్చి మార్చి చూసి, సరే అంది. ఇద్దరూ కలిసే మోసుకెళ్ళి వంటింటికీ పడగ్గదికీ మధ్య నడవలో పెట్టారు. అక్కడ పగలు కూడా లైటు వేసుకోవాలి, ఎవరైనా స్నానానికి వెళ్ళాలంటే ఆమె లేచి కుర్చీ జరపాలి. కవర్లు కుట్టించుకునేవాళ్ళు వస్తే సీటు పరిచి చూపించే వీలు లేదు. ఈ ఇబ్బందులన్నీ పెద్దల్లుడికి కనిపించాయి. తర్వాత చూద్దామనుకున్నాడు.

మొదటిసారి స్విచ్చి వేయగానే ఇంట్లో ఫ్యాను నెమ్మదించింది, ఫ్రిజ్జు ఒకసారి మూలిగింది, తర్వాత ఇల్లంతా చీకటి. ఎలక్ట్రీషియన్ వచ్చి, దీన్ని కొనేముందు ఎవరినైనా అడిగారా అని నవ్వి, మీటరు దగ్గర్నుంచి లావుపాటి వైరు వేరేగా లాగాడు. అప్పుడు తిరిగింది. దడదడమని మొదలై, గేజి ముల్లు పైకి ఎక్కి, మోటారు టక్కున ఆగేసరికి పెద్దల్లుడికి డిపోలో ఎన్నడూ కలగని గర్వం కలిగింది.

ఆ వారమంతా సాయంత్రం కాగానే షెడ్డు గేటు బార్లా తెరిచి మిషను ఆన్ చేసేవాడు. ఊదాల్సినవీ ఊదక్కర్లేనివీ అన్నీ ఊదాడు. ఇంజన్లు అయ్యాయి, కుర్చీలు అయ్యాయి, ఫ్యాను రెక్కలు అయ్యాయి. ఎదురింటి ఆవిడ స్కూటరుకి అడక్కుండానే గాలి నింపి పంపాడు. ఆవిడ వెళ్తూ వెళ్తూ, బాగుంది కానీ మా పాపాయి నిద్రపోవట్లేదండీ అంది. అతని చెవులు మాత్రం వీధి చివరి కుడి మలుపు మీదే ఉన్నాయి. ఆ చప్పుడు అక్కడిదాకా వెళ్తుందనే నమ్మకం. మామగారు వినకుండా ఉంటాడా? విన్నాక కూడా కారు అక్కడే ఉంచుతాడా?

కారు అక్కడే ఉంది. ఒక పొద్దున్న డిపోకి వెళ్తూ కావాలనే ఆ వీధిలోంచి వెళ్ళాడు. చిన్నల్లుడు వాకిట్లో వంగి, తడి ఎమెరీ కాగితంతో బానెట్టు రుద్దుతున్నాడు. గుండ్రంగా కాదు, ఒకే వరసలో, చేతివేళ్ళు చాచి, అరచెయ్యి ఆనించి. మధ్యమధ్యలో కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమి చూస్తున్నాడు. అది తెలిసినవాడి చెయ్యి. పెద్దల్లుడికి ఆ సంగతి ఒక్క చూపులో తెలిసిపోయింది. తెలిసినందుకు ఇంకా కడుపు మండిపోయింది. వాడు తలెత్తి అన్నయ్యా అని పలకరించేలోపే డ్యూటీకి ఆలస్యమైందన్నట్టు వాచీ చూసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆరోజు డిపోలో ఒక బోల్టు మీద కసి తీర్చుకోబోయి దాని తల విరగ్గొట్టాడు.

*

సెలవురోజు పొద్దున్న చిన్నల్లుడే వచ్చాడు. నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో ఏదో పసుపు రంగు సామాను, పైన పిడి పట్టుకుని, టిఫిను క్యారియరు పట్టుకొచ్చినట్టు పట్టుకొచ్చాడు. షెడ్డులో కింద పెట్టి చెమట తుడుచుకున్నాడు.

"అన్నయ్యా, దీని సంగతి మీరొకసారి చూడాలి. గన్ను నొక్కి సగం తలుపు దాటానో లేదో గాలి అయిపోతోంది. రంగు చుక్కలు చుక్కలుగా పడుతోంది."

పెద్దల్లుడు ఆ సామానుని చూశాడు. అది అతని మోకాలి దాకా కూడా లేదు.

"ఇదేంటి?"

"కంప్రెసరే అన్నయ్యా."

"మీ ఇంట్లో ఉన్నది నడుం దాకా ఉంటుందన్నారే?"

చిన్నల్లుడు కాస్త ఆలోచించాడు. "స్టూలు మీద పెడతానన్నయ్యా. నేలమీదైతే పిల్లలు పట్టుకుంటున్నారని" అన్నాడు.

పెద్దల్లుడు పసుపు సామానుని చూసి, తర్వాత తన ఎర్ర మిషనుని చూశాడు. ఇన్నాళ్ళూ తన కంటికి కునుకు లేకుండా చేసింది ఒక స్టూలన్నమాట. చిన్నల్లుడు ఎర్ర మిషను చుట్టూ ఒకసారి తిరిగి, ట్యాంకు మీద మెల్లగా చెయ్యి వేసి, అన్నయ్యా ఎంత మంచిది కొన్నారు, ఇలాంటిది మా కంపెనీలో ఉంది, దీంతో అయితే ఆపకుండా కొట్టొచ్చు అన్నాడు. ఆ గొంతులో కుళ్ళు ఏ మూలనైనా ఉందేమోనని పెద్దల్లుడు వెతికాడు. లేదు. కాస్త ఉంటే బాగుండునని కూడా అనిపించింది. రేపు మామయ్యగారి కారు ఇక్కడికి తెచ్చుకోవచ్చా అని చిన్నల్లుడు అడిగాడు. తీసుకురమ్మని పెద్దల్లుడు చాలా ఉదారంగా అన్నాడు.

వాడు గేటు దాటాడో లేదో పెద్దల్లుడు నడవలోకి పరుగున వచ్చాడు. లైటు కింద కుట్టుకుంటున్న భార్య ముందు నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. చూశావా, తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చింది కారు అన్నాడు. రంగు కూడా తనే వేస్తానన్నాడు. మీ నాన్నకి ఇప్పటికైనా బుద్ధొస్తుందన్నాడు, పోయి పోయి బీరువాలవాడికిచ్చాడన్నాడు. ఆమె మిషను ఆపింది.

"మా నాన్న తనంతట తను ఇవ్వలేదు. మీకు ఇవ్వొద్దని నేనే చెప్పాను."

అతనికి మొదట అర్థం కాలేదు. ఏమన్నావని అడిగాడు. ఆమె చేతిలో ఉన్న గుడ్డ మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. గొంతు పెంచలేదు.

"మా తమ్ముడి బండి చేశారు. వాడు సరిగ్గా మెచ్చుకోలేదని ఎన్ని రాత్రులు నన్ను లేపారు? మా పిన్ని కారు చేశారు. ఆవిడ నలుగురిలో ఇంకో మెకానిక్ పేరెత్తిందని, నేను వాడికంటే తక్కువా అని అర్ధరాత్రి లేపి అడిగారు. నిద్రలో ఉన్నదాన్ని, ఏం చెప్పాలి నేను? ప్రతిసారీ ఇంతే. కారు బాగై వెళ్తుంది, మీరు పాడై మిగుల్తారు. ఇప్పుడు మా నాన్న కారు. రేపు ఆయన ఒక మాట తక్కువంటే, ఆయన్ని కూడా మీరు మంచంమీద పడుకుని తిట్టుకుంటారు. అది నేను వినలేనండీ. అందుకే వద్దన్నాను."

నేనెప్పుడు లేపానని అడగబోయాడు, కానీ లేపిన రాత్రులు ఒకటొకటే గుర్తొచ్చాయి. పక్కకి తిరిగి పడుకున్న ఆమె భుజం పట్టుకుని కుదపడం, ఆమె లేచి కూర్చుని కళ్ళు నులుముకోవడం, మీరే గొప్ప, పడుకోండి అనడం. ఆ మాట విన్నాక తనకి హాయిగా నిద్రపట్టేది. ఆమెకి పట్టిందో లేదో ఎప్పుడూ అడగలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి సిగ్గేసింది. ఆమె మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది, స్నానాల గది తలుపు మోచేతికి తగులుతుంటే ఒక పక్కకి ఒరిగి.

*

మర్నాడు పెద్దల్లుడు డిపోలో సెలవు పెట్టాడు. చిన్నల్లుడు కారు తెచ్చేసరికి ఎర్ర మిషను షెడ్డు వెనక రేకు కింద, ఆరుబయట ఉంది. కుట్టుమిషను కిటికీ దగ్గరికి వచ్చేసింది. ఇద్దరూ కలిసి అద్దాలకీ దీపాలకీ కాగితాలు అంటించారు. చిన్నల్లుడు పైపు మధ్యలో చెమ్మ పట్టే ఫిల్టరు బిగించి, రంగులో థిన్నర్ కలిపి, పుల్లతో ఎత్తి జారే తీరు చూసి, గన్ను నింపాడు. నింపి, పిడి పెద్దల్లుడి వైపు తిప్పి ఇచ్చాడు.

"మీరే మొదలుపెట్టండి అన్నయ్యా."

పెద్దల్లుడు ఒక అట్టముక్క మీద కొట్టి చూశాడు. చెయ్యి ఆగిన చోట రంగు బుడిపె కట్టి కారింది. ఇంకోసారి కొట్టాడు. ఇంకోచోట కారింది. చిన్నల్లుడు అటు తిరిగి అంటించిన కాగితాన్నే మళ్ళీ నొక్కుతున్నాడు. వాడు నవ్వి ఉంటే పెద్దల్లుడు పంతానికి బానెట్టు మీద కూడా కొట్టేసేవాడే. అలా చూడకుండా తిరిగినవాడి వీపుని కాసేపు చూసి, గన్ను వాడి చేతిలో పెట్టాడు.

"నువ్వు కొట్టు. నేను పైపు పట్టుకుంటా."

పైపు పట్టుకోవడం చిన్న పనేం కాదు. మిషను దూరంగా ఉంది కాబట్టి పైపు పొడుగైంది. కొట్టేవాడు కదిలినప్పుడల్లా అది వెనకే కదలాలి, తడి రంగుకి తగలకూడదు, కాళ్ళకి చుట్టుకోకూడదు. పెద్దల్లుడు దాన్ని భుజంమీద వేసుకుని, వాడి వెనకే ఒక అడుగు ముందుకీ ఒక అడుగు వెనక్కీ నడిచాడు. చిన్నల్లుడి చెయ్యి తలుపు అంచుకి ముందే మొదలై, అంచు దాటాకే ఆగుతోంది. ఎక్కడా తొందర లేదు. పొర మీద పొర పడుతుంటే తుప్పు కారు కాస్తా పెద్దల్లుడి కళ్ళముందే కొత్త కారైపోతోంది. అసూయ కలిగింది. అయినా పైపు మాత్రం ఒక్కసారి కూడా తగలనివ్వలేదు.

సాయంత్రానికి మామగారు వచ్చాడు. చిన్నల్లుడు వెనక కుళాయి దగ్గర గన్ను కడుగుతున్నాడు. మామగారు ముట్టుకోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని, కారు చుట్టూ తిరిగాడు. బానెట్టు మీద వంగి తన మొహం చూసుకుని జుట్టు సర్దుకున్నాడు. తర్వాత పెద్దల్లుడి దగ్గరికి వచ్చి భుజంమీద చెయ్యి వేశాడు.

"ఎంతైనా నీ చెయ్యి నీదే అల్లుడూ. ఎవరెవరో ఏదో చెబితే అక్కడికి తీసుకెళ్ళాను. చివరికి నీ దగ్గరికి వస్తేనే బాగయింది."

కిటికీ దగ్గర కుట్టుమిషను ఆగింది. వెనక కుళాయి నీళ్ళ చప్పుడులో చిన్నల్లుడికి ఏమీ వినిపించే వీలు లేదు. ఈ మాట వినడానికే కదా పెద్దల్లుడు ఇదంతా చేసింది. ఇప్పుడు నోరు తెరిచి అబద్ధం ఆడనక్కర్లేదు. ఊరికే నవ్వితే చాలు. మామగారు అలాగే నమ్మి, వెళ్ళినచోటల్లా చెప్పుకుంటాడు.

"నేను కాదు మామయ్యా. తమ్ముడు వేశాడు. నేను పైపు పట్టుకున్నానంతే."

"అలాగా" అన్నాడు మామగారు. భుజంమీద చెయ్యి తీసేశాడు. వెనక కుళాయి దగ్గరికి నడిచాడు. అక్కణ్ణుంచి ఆయన గొంతు షెడ్డులోకి స్పష్టంగా వినిపించింది, ఎంతైనా నీ చెయ్యి నీదేరా అబ్బాయ్ అని.

పెద్దల్లుడు పైపు చుట్టలు చుట్టి మేకుకి తగిలించాడు. నేలమీది కాగితాలు ఏరి ఉండచుట్టాడు. భార్య వచ్చి పక్కన నిలబడి, తనూ రెండు కాగితాలు ఏరింది. మెల్లగా, "ఈ రాత్రి నిద్ర పడుతుందా మీకు?" అంది.

"పట్టదు" అన్నాడతను. "నిన్ను మాత్రం లేపనులే."